ఆకలిని నిద్రపుచ్చగలమా?

1845 ఏప్రిల్ మాసం. బెంగాలులోని హుగ్లీ పట్టణం. వరిబీజానికి శస్త్రచికిత్స చేయించుకొన్న ఒక ఖైదీ బాధతో విలవిలలాడుతున్నాడు. జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లండు వైద్యుడు అతని ఎదుట కూర్చుండి, ముఖం మీదుగా చేతులను నెమ్మదిగా కదిలించసాగాడు. కొంతసేపటికి రోగి గాఢమైన మగతలోకి జారుకొన్నాడు. సూదితో గుచ్చినా చలించలేదు. మరుసటి సంవత్సరం ఈ పద్ధతిని పరీక్షించడానికి కలకత్తాలో ప్రత్యేకంగా ఒక చికిత్సాలయమే వెలిసింది. క్లోరోఫారం ఇంకా వాడుకలోకి రాని ఆ రోజుల్లో, ఎస్డెయిల్ పెద్ద పెద్ద కణితులను సైతం ఈ విధంగానే తొలగించాడు.

కత్తికోతనే మరపింపజేసిన విద్య, జిహ్వచాపల్యాన్ని మాత్రం అణచలేదా? పథ్యాలు చేసి చేసి విసిగిపోయిన స్థూలకాయులకు ఈ ప్రశ్న తట్టడం సహజం. నాలుగు పర్యాయాలు వచ్చి కళ్లు మూసుకొని కూర్చుంటే చాలు, కొవ్వు దానంతట అదే కరిగిపోతుందని నమ్మబలికే ప్రకటనలు ఆ ఆశనే సొమ్ము చేసుకొంటాయి. అయితే ఈ రెండు పనులకూ నడుమ పెద్ద అంతరం ఉంది. శస్త్రచికిత్స వైద్యుడు చేసేది. రోగి మేలుకొనేసరికి పని పూర్తవుతుంది. బరువు తగ్గడం రోగి తానే చేసుకోవలసినది. మేలుకొన్న తరువాతనే ఆ పని మొదలవుతుంది. అది రోజుకు మూడు పూటలా, ఏళ్ల తరబడి సాగాలి. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే హిప్నాటిజం వలన ఎంత మేలు ఆశించవచ్చునో తేటపడుతుంది.

నిద్ర కాని నిద్ర

హిప్నాసిస్ అనే మాటకు మూలం గ్రీకుల నిద్రాధిదేవత అయిన హిప్నోస్. మాంచెస్టరు నగరంలో వైద్యం చేసిన జేమ్స్ బ్రెయిడ్ 1843లో వెలువరించిన గ్రంథంతో ఈ పరిభాష వ్యాప్తిలోకి వచ్చింది. పేరులో నిద్ర ఉన్నదే గాని, ఆ స్థితి నిద్ర కాదు. మంచి నవలలో మునిగిపోయిన వ్యక్తికి పక్కగదిలోని మాటలు వినిపించవు. అటువంటి ఏకాగ్రతనే వైద్యుడు తన మాటలతో కలిగిస్తాడు. శరీరం సడలుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, చెప్పిన మాట మనసుకు తేలికగా హత్తుకొంటుంది.

రంగస్థలం మీది తమాషాలను చూసి, ఈ స్థితిలో మనిషి పరాధీనుడైపోతాడని పలువురు భయపడతారు. నిజానికి, సహకరించడానికి ఇష్టపడని వ్యక్తిని ఈ స్థితికి తీసుకురావడం దాదాపు అసాధ్యం. అందరూ ఒకే తీరుగా స్పందించరు కూడా. 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హాఫర్, హిల్గార్డ్ అనే శాస్త్రజ్ఞులు ఈ గ్రహణశక్తిని కొలిచే ప్రమాణాన్ని రూపొందించారు. కొందరు సులువుగా లీనమవుతారు. కొందరు ఎంత ప్రయత్నించినా కారు. ఎక్కువమంది ఆ రెంటి నడుమ ఉంటారు.

బరువు తగ్గదలచినవారికి ఇచ్చే సూచనలు చాలా సామాన్యమైనవి. నెమ్మదిగా నమిలి తినడం, కడుపు నిండిన క్షణాన్ని గుర్తించి విస్తరి ముందునుండి లేవడం, సాయంకాలం పకోడీల పొట్లం కంటబడినప్పుడు ఒక్క నిమిషం ఆగి ‘ఇది ఆకలేనా?’ అని తనను తాను ప్రశ్నించుకోవడం - వీటిని రోగి మనసులో చిత్రించుకొనేటట్లు వైద్యుడు చేస్తాడు. ఆ తరువాత రోగి ఇంటివద్ద రోజూ కొద్దిసేపు ఈ సాధనను తానే కొనసాగించాలి. దీనినే స్వీయ సమ్మోహనం అంటారు.

అంకెలు ఏమంటున్నాయి?

1985లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 109 మందికి తొమ్మిది వారాలపాటు ఆహారపు అలవాట్లను దిద్దుకొనే శిక్షణ ఇచ్చారు. వారిలో కొందరికి హిప్నాసిస్‌ను కూడా జోడించారు. శిక్షణ ముగిసేసరికి రెండు వర్గాలవారూ బరువు తగ్గారు. కాని ఎనిమిది నెలలకు, తిరిగి రెండేళ్లకు పరిశీలించగా, హిప్నాసిస్ పొందినవారు మరికొంత తగ్గి కనిపించారు.

1995లో ఇర్వింగ్ కిర్ష్, ఆయన సహచరులు ఇటువంటి అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, హిప్నాసిస్ ఫలితం గణనీయమైనదని ప్రకటించారు. మరుసటి ఏడే డేవిడ్ ఆలిసన్, మైల్స్ ఫెయిత్ అనే పరిశోధకులు ఆ లెక్కల్లో పొరపాట్లు చూపి, ప్రయోజనం స్వల్పమేనని వాదించారు. కిర్ష్ అదనపు వివరాలతో మళ్లీ లెక్కించగా, శిక్షణ మాత్రమే పొందినవారు సగటున 2.7 కిలోలు, హిప్నాసిస్ తోడైనవారు 5.4 కిలోలు తగ్గినట్లు తేలింది.

1998లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే వ్యాధితో బాధపడుతున్న 60 మందిని మూడు వర్గాలుగా విభజించారు. అందరికీ ఆహార నియమాలు చెప్పారు. ఒక వర్గానికి ‘తక్కువ తినండి’ అనే సూచనలతోను, మరొక వర్గానికి మనసులోని ఒత్తిడిని తగ్గించే సూచనలతోను హిప్నాసిస్ చేశారు. పద్దెనిమిది నెలల తరువాత మొదటి బరువు కంటే చెప్పుకోదగినంత తక్కువలో నిలిచినది ఒత్తిడి తగ్గించుకొన్న వర్గం ఒక్కటే. వారి సగటు తగ్గుదల 3.8 కిలోలు. వైద్యపరంగా ఈ లాభం చాలా చిన్నదని ఆ పరిశోధకులే ఒప్పుకొన్నారు. అయినా ఒక సంగతి స్ఫురిస్తుంది: మన చేతిని తినుబండారాల డబ్బా వైపు నడిపించేది ప్రతిసారీ ఆకలే కాదు. విసుగు, దిగులు, అలసట కూడా ఆకలి వేషం వేసుకొని వస్తాయి. హిప్నాసిస్ శాంతింపజేయగలిగేది బహుశా వీటినే.

ముందు వైద్య పరీక్ష

థైరాయిడ్ గ్రంథి మందగించడం వలన గాని, కొన్ని ఔషధాల వలన గాని బరువు పెరిగినవారికి ముందు కావలసినది ఆ కారణానికి చికిత్స. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా తిండి తగ్గిస్తే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు మానసిక వైద్యుని సలహా లేనిదే దీని జోలికి పోరాదు. చికిత్స చేసే వ్యక్తి వైద్యుడో, క్లినికల్ సైకాలజిస్టో అయి ఉండాలి. ఇన్ని రోజుల్లో ఇన్ని కిలోలు తగ్గిస్తానని హామీ ఇచ్చేవారిని దూరంగా ఉంచడమే క్షేమం.

మితాహారానికీ, రోజువారీ నడకకూ హిప్నాసిస్ చేదోడు కాగలదు; వాటి స్థానాన్ని మాత్రం భర్తీ చేయలేదు. వైద్యుని మాట మనసులో ఎంతగా నాటుకొన్నా, మారు వడ్డనకు వచ్చినప్పుడు విస్తరికి చేయి అడ్డం పెట్టవలసినది ఎవరికి వారే.