మీకు తెలుసా? ఉరికీ యావజ్జీవానికీ మధ్య

జంగారెడ్డిగూడెం పక్కనే ఉన్న బుట్టాయగూడెంలో 1858 అక్టోబరులో ఒక ఉరి జరిగింది. కొరుటూరు నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డి గోదావరి మన్యంలో ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడి పట్టుబడ్డాడు. ప్రాణం తీసినా కసి తీరలేదు కాబోలు, శవాన్ని ఇనుప పంజరంలో పెట్టి రాజమండ్రి కోట దగ్గర వేలాడదీశారు. జనం దాన్ని ‘సుబ్బారెడ్డి సంచి’ అనేవారు. ఉరి వేస్తే మిగతావాళ్లు భయపడతారన్న వాదన ఈనాటిది కాదన్నమాట. మరి మన్యం భయపడిందా? 1879లో రంపలో లేచింది, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మళ్లీ లేచింది.

‘యావజ్జీవమంటే పద్నాలుగేళ్లేగా!’ టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అననే అంటారు. కాదు. బతికున్నంత కాలమూ అని సుప్రీంకోర్టు 1961లో, గాంధీ హత్య కేసులో యావజ్జీవం పడ్డ గోపాల్ గాడ్సే విషయంలోనే తేల్చింది. ఉరి కూడా పడదగ్గ నేరానికి యావజ్జీవం పడితే, కనీసం పద్నాలుగేళ్లు లోపల ఉండాల్సిందేనని 1978లో చట్టం గీత గీసింది. ఆ గీత దాటాక వదలాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం, ఖైదీ హక్కు కాదు. ఇరవై ఏళ్లో, ముప్ఫై ఏళ్లో, చచ్చేదాకానో వదలొద్దని ఇప్పుడు పెద్ద కోర్టులు తీర్పులోనే రాస్తున్నాయి కూడా.

1955 దాకా హత్యకు ఉరే మామూలు. వేయకపోతే ఎందుకు వేయలేదో జడ్జి రాయాలి. 1974 ఏప్రిల్ నుంచి లెక్క తిరగబడింది: ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలి. దానికి కొద్ది వారాల ముందే, హత్యకు ఉరి పడ్డ మన రాష్ట్రపు ఈడిగ అనమ్మ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఆ దారి పట్టారు. అనమ్మ వయసు, అత్తింటివాళ్లు వెళ్లగొట్టడం, చిన్నవయసు కొడుకు, ఏళ్ల తరబడి మెడమీద వేలాడిన ఉరి, ఇవన్నీ చూసి శిక్షను యావజ్జీవానికి మార్చారు.

ఏలూరు సెషన్స్ కోర్టు ఉరి వేసిందనుకోండి. ముద్దాయి అప్పీలుకు వెళ్లకపోయినా సరే, హైకోర్టు ఖరారు చేయందే అమలు కాదు.

చిలకలూరిపేట బస్సు దహనం గుర్తుందా? 1993 మార్చి 8న దోపిడీకని పెట్రోలు పోసి నిప్పంటిస్తే 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఇద్దరు కుర్రాళ్లకు ఉరి పడింది. సుప్రీంకోర్టు కాదనలేదు, రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమించలేదు. 1997 మార్చి 29న ఉరి అని ఖాయమయ్యాక, చివరి ఘడియలో స్టే వచ్చింది. ఈలోగా రాష్ట్రపతి మారారు. ఫైలు అదే, నేరమూ అదే. కె.ఆర్.నారాయణన్ యావజ్జీవం చేశారు. కాలిపోయినవాళ్ల ఇళ్లలో ఇది న్యాయంగా తోచి ఉండదు, వాళ్లనేమీ అనలేం. కానీ రాష్ట్రపతి భవన్‌లో ఎవరున్నారన్నదాన్ని బట్టి మనిషి ప్రాణం నిలవడమో పోవడమో జరిగే శిక్ష నాకైతే మింగుడుపడదు.

రాజమండ్రి జైల్లో ఆఖరి ఉరి 1976లో. తీర్పులు మాత్రం ఆగలేదు: దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో అయిదుగురి ఉరిని తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖరారు చేసింది.