బాలకృష్ణులకు చెమట పట్టినవేళ

కృష్ణాష్టమినాటి ప్రొద్దున కోఠి నుండి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి వైపు నడచువారికి త్రోవ పొడుగునను చిన్నికృష్ణులు కనబడుదురు. తలపై నెమలిపింఛము, చేత పిల్లనగ్రోవి, ముఖమున నీలము. బడి వాకిలి చేరునప్పటికే ఆ నీలము చెమటతో కరగి మెడలోని పూసలపేరు మీదికి జారుచుండును. తల్లి కొంగుతో తుడిచినకొలది నీలమేఘశ్యాముడు చారలు దేరును.

భాగ్యనగరమున పిల్లలకు రంగులు పూయు దినములు పెక్కు ఉక్కపోత నెలలలోనే వచ్చుచున్నవి. ఆషాఢమున బోనాలు. ఒడలెల్ల పసుపు, నుదుట కుంకుమ, కాళ్ళకు గజ్జెలు, చేత కొరడా గల పోతురాజును చూచి వీధివీధిని బుడుత పోతురాజులు బయలుదేరుదురు. ఆగస్టు 15వ తేదీన చెక్కిళ్ళపై మువ్వన్నెల జెండా. ఆ సమీపముననే కృష్ణాష్టమి.

చెమట పట్టుటవలన కాదు, పట్టిన చెమట ఆవిరియగుటవలన ఒడలు చల్లబడును. గాలియందు తేమ నిండియున్నప్పుడు చెమట ఆరదు, కారును. నీటిలో కలిపిన రంగు ఆ చెమటతో కంటిలోనికి దిగి మంట పెట్టును. నూనెతో మెదిపిన రంగు కారదు గాని చర్మమునకు పొరయై అంటుకొని చెమటకాయలకు దారితీయును. చర్మము ఊపిరి పీల్చుననియు, రంగు పూసిన ఊపిరాడదనియు చెప్పుకొను మాటలో నిజము లేదు. ఊపిరి తీయునవి ఊపిరితిత్తులే. భయపడవలసినది వేడిమికి.

మన భాగవతులు హరిదళముతో పచ్చని ముఖమును, ఇంగిలీకముతో ఎఱ్ఱదనమును తీర్చుకొనెడివారు. మొదటిది ఆర్సెనిక్ కలిసిన గంధకము. రెండవది పాదరసము కలిసినది. తెలుపు కొఱకు ఐరోపా నాటకశాలలలో చిరకాలము సీసపు సున్నము వాడిరి. 1873లో జర్మనీ గాయకుడు లుడ్విగ్ లైష్నర్ కొవ్వుతో చేసిన రంగు కడ్డీలను అమ్మకమునకు తెచ్చిన పిదప నటుల ముఖములు కొంత తెరిపి పడినవి. నేడు మన దేశమున సౌందర్య సాధనములయందు సీసము, ఆర్సెనిక్ సమ్మేళనములను రంగుగా వాడుట నిషిద్ధము.

అయినను ఆ నిషేధము చిత్రలేఖనపు రంగుబుడ్డికి వర్తింపదు. అది కాగితము కొఱకు పుట్టినది. సీసాపై విషరహితమని వ్రాసియున్నను చర్మమునకు తగినదని అర్థము కాదు. బడిలో తొందరపాటున చేతికందునది మాత్రము తఱచుగా ఆ బుడ్డియే! ముఖమునకై తయారైన రంగునే కొని, ముందునాడు ముంజేతిపై చిన్న చుక్క పెట్టి చూచిన దురద సంగతి తెలియును. గాయమున్న చోట, కంటి అంచున, పెదవులపై వేయరాదు. ఒకే నీటిగిన్నె, ఒకే స్పంజితో తరగతియంతయు కానిచ్చుట ఒకరి చర్మవ్యాధిని పదిమందికి పంచుటయే.

పసుపు ఈ ఉక్కకు పాతకాపు. చెమటకు అది తేలికగా వదలదు. సబ్బు తగిలిన మాత్రము ఎఱ్ఱబారును. పసుపును సున్నముతో కుంకుమగా మార్చు రహస్యమిదియే. బుడుత పోతురాజు స్నానమునాడు సైన్సు పాఠము ఉచితముగా లభించును.

ఒడలెల్ల పూయుట వేరు సంగతి. 1513లో ఫ్లారెన్సు నగరపు ఉత్సవమున స్వర్ణయుగమునకు ప్రతీకగా ఒక రొట్టెలవాని పిల్లవానికి బంగారుపూత పూసి ఊరేగించిరి. కొద్దికాలమునకే ఆ బాలుడు మరణించెనని వసారి వ్రాసియున్నాడు. ప్రతిఫలముగా వానికి ముట్టినది పది నాణెములు. మరణమునకు కారణము పూతయో, మరేమో గాని, ఆ బాలుని పేరైనను చరిత్రకు దక్కలేదు.

మన బడులలో ఇంతటి ఘోరము లేదు. కాని ఎనిమిదింటికి రంగులు వేసి, పదింటికి రావలసిన ముఖ్య అతిథి పదకొండున్నరకు వచ్చువఱకు పిల్లలను ఆటస్థలమున వరుసలు తీర్చి నిలుపుట కలదు. చెక్కిలిపై ఒక పింఛము, నుదుట ఒక నామము చాలును, ముఖమంతయు నింపనక్కఱలేదు. ముఖము కడిగి, తడియార్చి, చెట్టునీడనో వరండాలోనో కూర్చుండబెట్టి, మంచినీరిచ్చి, అతిథిగారి కారు వాకిలి దాటిన పిమ్మట కుంచె పట్టినను ఆలస్యము కాదు. ఉపన్యాసములు ముగియులోపల తరగతికంతకును పింఛములు పెట్టవచ్చును.