ముహూర్తానికి రీటేక్ ఉండదు.. వీడియో మిక్సింగ్‌లో జాగ్రత్తలే కీలకం

వరంగల్: పెళ్లి పందిరిలో వీడియోగ్రాఫర్ పని ఒకటి రెండు రోజులలో ముగుస్తుంది. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. తీసిన దృశ్యాలను వరుసగా పేర్చి, అనవసరమైనవి తొలగించి, పాటలు, పేర్లు, ఎఫెక్టులు జోడించడాన్ని స్టూడియోల వారు ‘మిక్సింగ్’ అంటారు. లగ్నాల కాలం ముగియగానే వరంగల్, హన్మకొండ, కాజీపేటలలో మిక్సింగ్ పని పేరుకుపోతుంది. క్యాసెట్టో, పెన్‌డ్రైవో ఎప్పుడిస్తారని పెళ్లివారు అడగడం, ఇంకా రెండు రోజులని స్టూడియో వారు చెప్పడం పరిపాటి. ఈ ఆలస్యం ఎందుకు జరుగుతుందో, ఒక్కోసారి దృశ్యాలే ఎందుకు పోతాయో తెలిస్తే ఇరువర్గాలకూ మేలు.

క్యాసెట్ పోయి కార్డు వచ్చె..

1995లో వచ్చిన డీవీ విధానం మామూలు కంప్యూటర్‌పై ఎడిటింగ్‌కు బాట వేసింది. 2000 దశకంలో స్టూడియోలు ఎక్కువగా మినీ డీవీ క్యాసెట్లపై ఆధారపడ్డాయి. గంట నిడివి గల క్యాసెట్‌ను ఫైర్‌వైర్ తీగ ద్వారా కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట సమయం పట్టేది. దానికి హార్డ్‌డిస్క్‌లో సుమారు 13 జీబీ స్థలం కావలసి వచ్చేది. ఐదు క్యాసెట్ల పెళ్లి అంటే 65 జీబీ. నడుమ కరెంటు పోతే పని మళ్లీ మొదటికి వచ్చేది. అయినా కంప్యూటర్ చెడిపోతే క్యాసెట్ మిగిలి ఉండేది.

మెమరీ కార్డుతో ఆ భరోసా లేదు. ఒక పెళ్లి దృశ్యాలు తుడిచి అదే కార్డును మరో పెళ్లికి వాడుతారు. కాపీ పూర్తయిందో లేదో చూడకుండా ఫార్మాట్ చేసినా, ఉన్న ఒక్క హార్డ్‌డిస్క్ చెడిపోయినా జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అన్నీ పోయే ప్రమాదం ఉంది.

ఇరవై రెట్ల భారం

డీవీ చిత్రంలో 720 × 576 చుక్కలు ఉండేవి. నేటి 4కే చిత్రంలో 3840 × 2160 చుక్కలు ఉంటాయి. అంటే సరిగ్గా 20 రెట్లు. పైగా కొత్త కెమెరాలు కొన్ని ఫ్రేములను మాత్రమే పూర్తిగా దాచి, మిగిలిన వాటిలో వచ్చిన మార్పును మాత్రమే నమోదు చేస్తాయి. ఒక్క ఫ్రేము చూపాలన్నా కంప్యూటర్ దాని ముందువెనుకల వాటినీ లెక్కించవలసి వస్తుంది. ఆగి ఆగి నడవడానికి కారణం ఇదే. ‘ప్రాక్సీ’లుగా పిలిచే చిన్న నకళ్లపై ఎడిటింగ్ చేసి, చివరలో అసలు దృశ్యాలను జతపరచడం దీనికి విరుగుడు.

ఒక్క అక్షరం.. మళ్లీ రెండరింగ్

మన దేశంలో సాధారణంగా సెకనుకు 25 ఫ్రేములు వాడుతారు. గంట వీడియో అంటే 90 వేల ఫ్రేములు. ఎఫెక్టుల వల్ల ఒక్కో ఫ్రేముకు అర సెకను పట్టినా రెండరింగ్ పన్నెండున్నర గంటలు సాగుతుంది. వధువు పేరులో అక్షరం తప్పితే ఆ భాగాన్ని సరిచేసి ఫైలును తిరిగి తయారు చేయక తప్పదు. పాత సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ తెలుగు వత్తులు, గుణింతాలు విడిపోయేవి. అందువల్ల అను ఫాంట్లలో పేర్లు కూర్చి, బొమ్మగా మార్చి అతికించేవారు.

ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి, వెనుక వేయిస్తంభాల గుడినో, ఖిలా వరంగల్ తోరణాలనో చూపే ‘క్రోమా’ ఎఫెక్టులోనూ చిక్కులున్నాయి. ఆకుపచ్చ పట్టుచీర, మామిడి తోరణం, బతుకమ్మలోని ఆకులు తెరతో పాటే మాయమవుతాయి. అటువంటప్పుడు నీలి తెర వాడటం మేలు.

మాట ఒకచోట.. పెదవి ఒకచోట

బంధువులు సెల్‌ఫోన్లలో తీసిన దృశ్యాలను కలిపితే మరో సమస్య. చాలా ఫోన్లు సెకనుకు ఫ్రేముల సంఖ్యను స్థిరంగా ఉంచవు. దీంతో కొంతసేపటికి పెదవుల కదలికకు, మాటకు పొంతన కుదరదు. ముందే వాటిని 25 ఫ్రేముల స్థిర వేగానికి మార్చుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరా షట్టర్‌ను 1/50 లేదా 1/100 వద్ద ఉంచితే లైట్ల మినుకు తగ్గుతుంది. చిత్రీకరణలో పడిన మినుకును మిక్సింగ్‌లో తొలగించడం కష్టం.

పెళ్లివారు అడగవలసినవి

- దృశ్యాలను రెండు వేర్వేరు హార్డ్‌డిస్క్‌లలో కాపీ చేసి, తెరిచి చూసిన తరువాతే కార్డును ఖాళీ చేయాలని ముందే చెప్పాలి. రెండో డిస్క్ మరోచోట ఉంటే మంచిది.
- పేర్లు, తేదీలు, ఊర్లు కాగితంపై రాసి ఇవ్వాలి.
- మిక్సింగ్ చేసిన వీడియోతో పాటు అసలు దృశ్యాలనూ తీసుకోవాలి.
- సినిమా పాటలు కలిపిన వీడియోను యూట్యూబ్‌లో ఉంచితే హక్కుదారులు అభ్యంతరం తెలిపే అవకాశం ఉంది. అందుకు పాటలు లేని ప్రతిని వేరుగా అడగాలి.
- బీరువాలో ఉన్న పాత మినీ డీవీ క్యాసెట్లను ఇప్పుడే ఫైళ్లుగా మార్పించుకోవాలి. తేమకు టేపు బూజు పడుతుంది. కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ పోర్టు సాధారణంగా ఉండదు, పనిచేసే పాత కెమెరాలూ తగ్గిపోతున్నాయి. ఆ పెళ్లిళ్లలో అక్షింతలు వేసిన పెద్దలలో పలువురు నేడు లేరు. వారి మాట, నడక కొన్ని ఇళ్లలో ఆ టేపులలోనే మిగిలి ఉన్నాయి.