ఆ రోజు ఆ ఓడ రంగేమిటి?

బల్ల మీద పట్టేంత చిన్న ఓడ. కానీ దాన్ని సరిగ్గా చేయాలంటే వెలిసిపోయిన ఫొటోలు తిరగేయాలి. రెండొందల ఏళ్లనాటి రంగు పెచ్చులు గోకాలి. ఒక్కోసారి సముద్రం అడుక్కీ వెళ్లాలి. యుద్ధనౌకల నమూనాల వెనక ఇంత వెతుకులాట ఉంది మరి!

2015లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ రేవులో ఓ పాత ఓడకి కొత్తగా రంగు వేశారు. అందులో వింతేముంది, ఓడలకి రంగులు వేస్తూనే ఉంటారుగా అనిపించవచ్చు. కానీ ఈ ఓడ నమూనా ప్రపంచంలో ఎన్నో ఇళ్లలో అద్దాల పెట్టెలో ఉంది. ఎవరో ఒకరు నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి కూర్చుని చేసుకున్నది. ఆ కొత్త రంగుతో ఆ నమూనాలన్నీ ఒక్కసారిగా తప్పయిపోయాయి.

ఆ ఓడ పేరు హెచ్ఎంఎస్ విక్టరీ. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ కన్నుమూసింది దీని మీదే. నమూనా ఓడలు చేసేవాళ్లకి విక్టరీ అంటే సంగీతం నేర్చుకునేవాళ్లకి త్యాగరాజ కీర్తన లాంటిది. ఎప్పుడో ఒకప్పుడు దాని జోలికి వెళ్లాల్సిందే. ప్లాస్టిక్ కిట్లు, కొయ్య కిట్లు ఎన్నో వచ్చాయి. వాటి పెట్టెల మీద తరచూ కనిపించేది నల్లటి ఒంటి మీద నిగనిగలాడే పసుపు పట్టీలే. పోర్ట్స్‌మత్‌లో ఉన్న అసలు ఓడే ఆ రంగులో ఉంటే ఇక అనుమానమెందుకు?

అనుమానం పరిశోధకులకి వచ్చింది. చెక్కల మీద ఒకదానిపై ఒకటి పేరుకున్న రంగులోంచి చిన్నచిన్న పెచ్చులు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. 72 పొరల దాకా తేలాయి! ఉల్లిపాయ ఒలిచినట్టు ఒక్కొక్కటీ దాటుకుంటూ నెల్సన్ కాలంనాటి పొర దగ్గరికి వెళ్తే... అది ఆ పసుపు కానేకాదు. కాస్త గులాబీ ఛాయ కలిసిన లేత మట్టి రంగు. మనకి తెలిసిన ఆ మెరుపు పసుపు చాలా తర్వాతి కాలం వాళ్ల ఊహ.

అంటే, అసలు ఓడని చూసి వేసినా రంగు తప్పేనన్నమాట.

మొదటి ప్రశ్న... ఏ తేదీ?

ఈ పని గురించి తెలియనివాళ్లు ‘విక్టరీ నమూనా’ అంటారు. తెలిసినవాళ్లు ‘ఏనాటి విక్టరీ?’ అని అడుగుతారు. ఓడ కూడా మనిషిలాంటిదే. పెళ్లినాటి ఫొటో ఒకలా, షష్టిపూర్తినాటి ఫొటో ఇంకోలా ఉంటుంది. విక్టరీకి చాటమ్ నౌకాశ్రయంలో 1759లో పునాది దూలం వేశారు. 1765లో నీళ్లలోకి దించారు. అప్పుడు దాని వెనకభాగంలో తెరిచి ఉన్న వసారాలూ, ముందుభాగాన అట్టహాసమైన శిల్పాలూ ఉండేవి. 1800-1803 మధ్య జరిగిన భారీ మరమ్మతులో ఆ వసారాలు మూసేశారు, ముందున్న బొమ్మని తీసేసి చిన్నదీ సాదాదీ పెట్టారు. కాబట్టి 1765 నాటి వెనకభాగానికి 1805 నాటి రంగు వేస్తే, అలాంటి ఓడ ఈ భూమ్మీద ఏ రోజూ లేనట్టే!

యుద్ధం నుంచి దెబ్బలతో తిరిగొచ్చిన విక్టరీని చూసేందుకు టర్నర్ అనే చిత్రకారుడు 1805 డిసెంబరులో స్వయంగా వెళ్లి స్కెచ్‌లు గీసుకున్నాడు. ఇవాళ నమూనాలు చేసేవాళ్లు ఆ గీతల్నే భూతద్దంతో చూస్తారు. అదే టర్నర్ తర్వాత 1820ల్లో గీసిన పెద్ద తైలవర్ణ చిత్రం చూసి నావికులు మాత్రం పెదవి విరిచారు. చిత్రకారుడికి అందం ముఖ్యం, నావికుడికి తాడు ఎక్కడ కట్టాలో అది ముఖ్యం. నమూనాలు చేసేవాళ్లు ఇందులో నావికుల పక్షమే.

ఇక కొలతలు. తెరచాపల ఓడలకి ఎక్కువగా వాడేది 48వ వంతు. అంటే ఓడలో నాలుగడుగులు నమూనాలో ఒక అంగుళం. ఉక్కు నౌకలకి 350వ వంతు, 700వ వంతు కిట్లు ఎక్కువ. జపాన్‌లోని షిజువోకాలో 1971లో నాలుగు బొమ్మల కంపెనీలు కలిసి ‘వాటర్‌లైన్’ పేరుతో 700వ వంతు యుద్ధనౌకల వరస మొదలుపెట్టాక ఈ సరదా మధ్యతరగతి ఇళ్లకీ చేరింది. 350వ వంతులో ఆరడుగుల మనిషి 5 మిల్లీమీటర్లు. అంగుళం మందం తాడు సుమారుగా తలవెంట్రుకంత! అందుకే ఈ పనిలో పట్టకారు, సన్న సూది, ఆకురాయి, గరుకు కాగితంతోపాటు ఊపిరి బిగబట్టే అలవాటూ కావాలి. ఒక్క తుమ్ము చాలు, రెండు వారాల పని గదిలో ఏ మూలకి ఎగిరిపడిందో దొరకదు.

బొమ్మే సాక్ష్యం

మరి ఫొటోలు లేని కాలం ఓడల సంగతేమిటి? చిత్రంగా, వాటికి పాత నమూనాలే సాక్ష్యాలు. 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ నౌకాదళం కోసం 48వ వంతులో కొయ్య నమూనాలు చేసేవారు. అడుగుభాగం పలకలు వేయకుండా వదిలేయడంతో లోపలి పక్కటెముకలు కనిపిస్తూ ఉంటాయి. అసలు ఓడలు ఏనాడో యుద్ధాల్లో కాలిపోయాయి, తుపాన్లలో మునిగిపోయాయి, కట్టెలైపోయాయి. ఇంట్లో అపురూపంగా దాచిన బొమ్మలు మిగిలాయి.

అయితే బొమ్మలన్నీ నిజమే చెబుతాయని నమ్మడానికి లేదు. నెపోలియన్‌తో యుద్ధాలప్పుడు పట్టుబడ్డ ఫ్రెంచి సైనికుల్ని ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్ శిబిరంలో ఉంచారు. 1797 నుంచి 1814 దాకా సాగిన శిబిరమది. పొద్దుపోని ఆ ఖైదీలు భోజనంలో వచ్చిన మాంసం ఎముకల్ని దాచుకుని, శుభ్రం చేసి, సన్నటి పలకలుగా కోసి యుద్ధనౌకలు చేశారు. కొన్నింటిలో అడుగున ఉన్న దారం లాగితే ఫిరంగులన్నీ ఒకేసారి లోపలికీ బయటికీ కదులుతాయి! చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొనుక్కునేవారు. ఖైదీల దగ్గర ప్లాన్లు లేవు, కొలబద్దలు లేవు. గుర్తున్నంత చేశారు. ఫిరంగులు ఉండాల్సినదానికంటే లావు, కొయ్యలు పొడుగు. ఓడ గురించి అవి చెప్పేది తక్కువే. చేసిన చేతుల గురించి మాత్రం చాలా చెబుతాయి.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి బొమ్మకి ఇంకో పని పడింది. 1917లో జర్మన్ జలాంతర్గాములు వరసగా ఓడల్ని ముంచేస్తుంటే, నార్మన్ విల్కిన్సన్ అనే చిత్రకారుడికి ఓ ఉపాయం తోచింది. ఓడని దాచలేం కాబట్టి, ఎటు పోతోందో తెలియకుండా అడ్డదిడ్డంగా చారలు పూసేద్దాం! లండన్‌లోని రాయల్ అకాడమీ గదుల్లో చిన్న కొయ్య ఓడలకి మహిళా చిత్రకారులు రకరకాల చారలు వేసేవారు. వాటిని తిరిగే బల్ల మీద పెట్టి, దూరం నుంచి పెరిస్కోప్‌లోంచి చూసి పరీక్షించేవారు. చూసిన మనిషి దిక్కు తప్పు చెబితే ఆ చారలు నెగ్గినట్టు. అలాంటి ఓడల రంగులు ఇవాళ తెలుసుకోవాలంటే మిగిలిన ఆ చిన్న నమూనాలూ, రంగుల పటాలే దిక్కు. ఫొటోలున్నా అవి నలుపు తెలుపువి.

నలుపు తెలుపు ఫొటో అంటే మరో ఉచ్చు. అప్పట్లో ఎక్కువగా వాడిన ఒక రకం ఫిల్ముకి ఎరుపు ఆనేది కాదు. ఎర్రటిది దాదాపు నల్లగానూ, నీలం తెల్లబారినట్టుగానూ పడేవి. అది తెలియక ఫొటోలో ఉన్నట్టే నల్లగా పూసేస్తే అంతే సంగతులు! ‘యుద్ధనౌకంటే బూడిదరంగేగా’ అనుకోవడానికీ లేదు. జపాన్ నౌకాదళంలో కురె రేవు బూడిద వేరు, ససెబో రేవు బూడిద వేరు. ఆ పేర్లతోనే విడివిడిగా రంగు సీసాలు అమ్ముతారు.

మునిగినా చెప్పింది

ఒక్కోసారి జవాబు నీళ్లలో ఉంటుంది. స్వీడన్ రాజు కట్టించిన ‘వాసా’ 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణంలోనే, రేవు దాటకముందే మునిగింది. 1961లో పైకి తీశారు. వందల శిల్పాలు దొరికాయిగానీ రంగులు పోయాయి. శిల్పాల వెనక నీలం ఉండేదని చాలాకాలం అనుకున్నారు. నమూనాల్లోనూ నీలమే వేశారు. తర్వాత కొయ్య సందుల్లో మిగిలిన రంగు రేణువుల్ని పరీక్షిస్తే అక్కడున్నది ఎరుపు! ఇప్పుడు స్టాక్‌హోమ్ మ్యూజియంలో అసలు ఓడ ముదురు గోధుమరంగులో నిలబడి ఉంటే, పక్కనే దాని పదో వంతు నమూనా ఎర్రగా, పెళ్లి పందిరంత రంగురంగులుగా కనిపిస్తుంది. 1628లో వాసా ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్లు ఓడని కాదు, నమూనానే చూడాలి.

జపాన్ ‘యమటో’ కథ ఇంకా బరువైనది. ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక. 263 మీటర్లు, 46 సెంటీమీటర్ల గొట్టాలున్న తొమ్మిది ఫిరంగులు. అంతా రహస్యంగా కట్టారు. 1945 ఏప్రిల్ 7న అమెరికా విమానాల దాడిలో మునిగిపోయింది. సుమారు మూడువేల మంది దానితోపాటే పోయారు. యుద్ధం ముగిసేసరికి దాని పత్రాల్లో చాలావరకు తగలబెట్టేశారు. మిగిలినవి కొన్ని ఫొటోలు, కొన్ని ప్లాన్లు, బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాలు.

ఆ నౌక పుట్టిన కురె ఊళ్లోనే 2005లో తెరిచిన మ్యూజియంలో పదో వంతు యమటోని నిలబెట్టారు. పదో వంతంటే చిన్నదేం కాదు, 26.3 మీటర్లు! ముక్కు మీద ఉండే చామంతి రాజముద్ర వ్యాసం మీటరున్నర అని అందరూ అనుకునేవారు. 1999లో సముద్రం అడుగున శిథిలాల దగ్గరికి వెళ్లి చూస్తే మీటరే అని తేలింది. అరమీటరు తేడా 350వ వంతులో మిల్లీమీటరున్నర కూడా కాదు. అయినా దాన్ని సరిదిద్దారు, సరిదిద్దుకుంటున్నారు. ఇదంతా పిచ్చిగా అనిపించవచ్చు. కానీ ఆ మూడువేల మందిలో అత్యధికులకి సమాధి లేదు. వాళ్లవాళ్లు చూడగలిగేది ఆ నమూనానే. అలాంటిచోట మిల్లీమీటరు కూడా చిన్నది కాదు.

మన సంగతికొస్తే... తొలి ఐఎన్ఎస్ విక్రాంత్ ఇప్పుడు లేదు. 1961లో నౌకాదళంలో చేరి, 1997లో విశ్రాంతి తీసుకుని, ముంబయిలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉండి, 2014లో తుక్కుగా మారింది. 2022లో నౌకాదళంలోకొచ్చిన విక్రాంత్ పేరు అదేగానీ వేరే ఓడ. పాతదాన్ని చేయాలనుకునేవాళ్లకి మళ్లీ అదే ప్రశ్న... ఏ తేదీ? తర్వాతి ఫొటోల్లో ముందుభాగం పైకి లేచి ఉంటుంది. సీ హారియర్ విమానాలు ఎగరడానికి 1980ల్లో కట్టిన ర్యాంప్ అది. కానీ విశాఖ చరిత్రతో ముడిపడిన విక్రాంత్ 1971 నాటిది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 మధ్య రాత్రి విశాఖ తీరంలో మునిగింది. ఆనాటి విక్రాంత్ డెక్ చదును. ర్యాంప్ పెట్టి, పక్కన 1971 అని రాస్తే చూసినవాళ్లకి తెలియకపోవచ్చు, దాని మీద పనిచేసిన నావికుడికి తెలుస్తుంది.

ఇంట్లో పిల్లలకి ఈ సరదా ఉంటే ఖరీదైన కిట్టుకంటే ముందు ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లవచ్చు. 2002 నుంచి అక్కడ మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా 91 మీటర్ల జలాంతర్గామి. 350వ వంతులో 26 సెంటీమీటర్లు, అంటే స్కూలు స్కేలంత కూడా లేదు. నీళ్లలో ఉన్నప్పటి ఫొటోల్లో ఎన్నడూ కనిపించని అడుగుభాగం ఇక్కడ కళ్లెదుటే ఉంటుంది. చుట్టూ తిరిగి చూసి, బొమ్మ గీసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. జనం ఎక్కి దిగడానికి పక్కల కోసిన తలుపులు 1971లో లేవు. ఒంటి మీదున్న రంగు, ఒడ్డుకి చేరాక వేసింది.