పాత కుట్టుమిషను, కొత్త బొంత

మా పెద్దమ్మగారి యిల్లు ఖాళీచేయునపుడు అటకమీదనుండి ఒక నల్లని చేతిమిషను క్రిందికి దిగినది. దాని చక్రము కదలలేదు. పాత యినుపసామాను కొనువాడు వాకిట త్రాసుతో సిద్ధముగా నుండెను. ఇనుము పదికిలోలకు పైగా తూగునని తేల్చి కిలోకింత అని వెల చెప్పెను. మా అన్నగారు సరే యనిరి. ఆ మిషనుమీదనే పెద్దమ్మ తన పాతచీరలను అతికి మాకందరకు బొంతలు కుట్టిపెట్టిన సంగతి నేను జ్ఞాపకము చేసిన పిమ్మట గాని, దానికి మరి నాలుగు దినముల గడువు దొరకలేదు.

ఇట్టి మిషనులు మన యిండ్ల అటకలపైన, దర్జీ దుకాణముల మూలలందు, హైదరాబాదులోని జుమ్మేరాత్ బజారువంటి పాతసామాను సంతలలో నేటికిని అగుపించుచుండును. వానిలో ఏది పనికివచ్చును, ఏది రాదు, బొంత కుట్టువారికి వానివలన కలుగు ప్రయోజన మేమి అను విషయము కొంత ముచ్చటింతము.

బొంతపనికి కావలసినది తిన్నని కుట్టు. ముక్కకు ముక్క జతచేయుటకైనను, పొరలను కలిపి కుట్టుటకైనను అంతకు మించిన అలంకార మక్కరలేదు. నల్లమిషనులు చేయునది ఆ యొక్క పనియే. సూది దిగు పలకలో చిన్న గుండ్రని రంధ్రము మాత్రమే యుండుటచేత చిన్నముక్కల కొనలు లోనికి పోవు. నేటి వంకరకుట్టు యంత్రములకు సూది అటునిటు ఊగుటకై వెడల్పైన సందు ఉంచుదురు. త్రికోణపు ముక్క మొన దానిలో దూరి నలిగిపోవుట బొంతకుట్టు స్త్రీలకందరకు అనుభవమే.

అమెరికాలో బొంతకళ యందు మక్కువ గలవారు 1933లో వెలువడిన సింగర్ 221 అను చిన్న మిషనుకై ఎంతో వెదకుదురు. అయిదు కిలోల బరువు గల ఆ మిషనును పెట్టెలో పెట్టుకొని ఒకరి యింటినుండి మరియొకరి యింటికి కొనిపోవచ్చును. దానికి ‘ఈకబరువు’ అను అర్థము వచ్చు ముద్దుపేరు కలదు. మనదేశమున అది అరుదు. ఎవరైన అమెరికానుండి తెచ్చినను అక్కడి 110 వోల్టుల విద్యుత్తుకు చేసిన మోటారు మన 230 వోల్టులకు తగిలించిన మాడిపోవును. అది లేదని విచారింపనక్కరలేదు. మన పాతయిండ్లలో విరివిగా కనబడు సింగర్ 15 రకము బొంతపనికి దానికేమియు తీసిపోదు.

ఇలియాస్ హోవ్ 1846లోను, ఐజక్ సింగర్ 1851లోను పేటెంట్లు పొందిన నాటినుండి ఈ యంత్రముల మూలసూత్రము మారలేదు. సూదితో క్రిందికి దిగిన దారము ఉచ్చువలె విచ్చుకొనును. షటిల్ ఆ యుచ్చును పట్టి, బాబిన్ దారమును దానిలోనుండి దాటించును. రెండు దారములు గుడ్డ నడుమ పెనవేసికొనును. గాంధీమహాత్ముడు 1924లో యంత్రములనుగూర్చి మాటలాడుచు సింగర్ కుట్టుమిషనును తన అభ్యంతరమునుండి మినహాయించెను. భార్య చేతికుట్టుతో పడుపాట్లు చూచి ప్రేమతో కనిపెట్టినదని ఆయన భావము. సింగర్ గృహజీవితమును చదివినవారికి ఇది కొంత నవ్వు తెప్పించును గాని, మినహాయింపు మాత్రము న్యాయమైనదే.

స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకునందు సింగర్ వారి గొప్ప కర్మాగారము 1885లో వెలసి 1980లో మూతపడినది. అక్కడి రైల్వేస్టేషను పేరు నేటికిని సింగర్. మిషను పీఠముపై కుడివైపున చెక్కిన అంకెలకు ముందు ‘ఇ’ అను ఆంగ్లాక్షరముతో మొదలగు రెండక్షరముల జత యుండిన, అది 1935 తరువాత అచట తయారైనదని సామాన్యముగా చెప్పవచ్చును. మనదేశమున 1930ల దశకమునుండి కలకత్తాలో తయారైన ఉషా మిషనులును ఈ జాతివే. పేరునుబట్టి వానిని చిన్నచూపు చూడకుడు.

ఇక కొనునపుడు చేయవలసిన పరీక్ష. పై బంగారుపూలు చూచి మురియకుడు. నేనొకమారు అట్లే మురిసి, అద్దమువలె మెరయు మిషనును కొని యింటికి తెచ్చి జారుడుపలక తెరచి చూచితిని. లోపల షటిల్ లేదు! అది పడవ ఆకారపు షటిలుతో నడచు పాతరకము. దాని బాబిన్ సన్నగా పొడవుగా ఉండును, ఏ దుకాణములోను దొరకలేదు. నేటికిని అది మా ముందుగదిలో పూలకుండీ క్రింద నున్నది. కావున మొదట పలక తెరచి షటిల్, బాబిన్ కేసు ఉన్నవో లేవో చూడుడు. 15 రకమునకు నేటి ఇంటిమిషను సూదులు, బాబిన్లు సరిపోవును. సింగర్ 12 అను మిగుల పాతరకమునకు సూదియే వేరు. దానిని కొనుటకు నేను సలహా యీయను.

పిమ్మట చక్రమును మీవైపునకు త్రిప్పుడు. చక్రము తిరిగి సూది కదలకున్న భయపడవలదు. చక్రము నడుమనున్న చిన్న బిరడ వదులై యుండవచ్చును. అది బిగించి మరల చూడుడు. అసలే తిరుగకున్న బలవంతము చేయకుడు. పెక్కుసారులు అది తుప్పు కాదు, ఎండిన నూనె. మన యిండ్లలో కొబ్బరినూనె పోయు అలవాటు కలదు. అది ఏండ్లు గడచిన కొలది జిగురై బిగిసికొనును. నూనె రంధ్రములన్నిటిలో కొద్దిగా కిరసనాయిలు వేసి ఒకదినము విడిచి, జిగురు కరగిన పిమ్మట తుడిచి మిషనునూనె వేయవలెను. పైపూతకు మాత్రము స్పిరిటు తగులనీయరాదు. పూలు పూతతోసహా ఊడివచ్చును. మోటారు అమర్చిన మిషను అయినచో తీగలను ముందుగా పనివానికి చూపక ప్లగ్గు పెట్టవలదు.

పెద్దమ్మ మిషనుకు మూడుసారులు కిరసనాయిలు వేసితిని. మూడవనాటి సాయంకాలము చక్రము అంగుళము కదలినది. మరునాడు పూర్తిగా తిరిగినది. త్రాసువాడు మరల వచ్చి, ఆ శబ్దము విని వెడలిపోయెను.

కుట్టుటకు కొన్ని మెలకువలు. చేతిమిషనుతో ముక్కలు జతచేయుట ఎంతో సుఖము. ఒక్కొక్క కుట్టు మన అధీనములో నుండును. కాని పొరలు కలిపి కుట్టునపుడు ఒకచేయి చక్రముననే యుండును గనుక, రెండుచేతులు ఖాళీగానుండు కాలుమిషను మేలు. దారము ఏవైపునుండి సూదిలోనికి ఎక్కునో ఆవైపునకు సూది పొడవాటి గాడి యుండవలెను. గుడ్డ అడుగున ఉచ్చులు పడిన తప్పు అడుగుదారముది అనుకొందురు. సాధారణముగా పైదారము వదులగుటయే కారణము. మూడు నాలుగు నూలుచీరల పొరలకు 16 సంఖ్య సూది వేసి, కుట్టు పొడవు పెంచి, పాదము ఒత్తిడి కొంత తగ్గింపుడు. ముందుగా కచ్చాకుట్లు వేసి, నడుమనుండి అంచులకు కుట్టుకొనిపోవలెను. సూదికి స్తంభమునకు నడుమ ఆరేడంగుళముల చోటే యుండుటచేత మిగిలిన బొంతను చాపవలె చుట్టి దూర్పవలసియుండును. పది పన్నెండు పొరల పల్లెబొంత మిషనుకు పనికాదు. దానికి చేతికుట్టే తగును, ఆ మెత్తదనము మిషనుబొంతకు రానేరాదు.

పెద్దమ్మ పెట్టెలో మిగిలిన మూడు నూలుచీరలతో మొదటి బొంత కుట్టి అన్నగారి మనుమరాలికి ఇచ్చితిమి. అన్నగారు ఇప్పుడా మిషనును తమ యింటికి పంపుమని కబురుపెట్టుచున్నారు.