కౌటిలీయమున ఉపయుక్తపరీక్ష

1909లో ఆర్. శామశాస్త్రిగారు మైసూరునుండి ప్రకటించినది మొదలు కౌటిలీయార్థశాస్త్రము రాజనీతిజ్ఞులకే గాక నిర్వహణశాస్త్ర పరిశోధకులకును ఆదరణీయమైనది. మానవుడు సహజముగా పనికి విముఖుడు గావున వానికి అదుపు అవసరమను దృష్టికి డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో ‘ఎక్స్ సిద్ధాంత’మని పేరిడెను. కౌటిల్యుని మతమును ఇదియేయని తోచవచ్చును. అది విచారణీయము.

అధ్యక్షప్రచారమను ద్వితీయాధికరణమున తొమ్మిదవ అధ్యాయము ఉపయుక్తపరీక్షను చెప్పుచున్నది. అందు నిత్యపరీక్షకు హేతువు అలసత్వము గాదు, చిత్తముయొక్క అనిత్యత్వము. మనుష్యులు అశ్వసమానధర్ములు; కార్యమున నియుక్తులైన పిమ్మట వికారము నొందుదురు. అనగా దోషము జన్మసిద్ధము గాదు, నియోగముచే తలయెత్తునది. కావుననే అధికారులు తమలో కూడబలుకుకొనరాదు, కలహింపనురాదు. కూడినచో ధనమును భక్షింతురు, కలహించినచో కార్యమును చెఱతురు. ఒక్కొక్క శాఖకు పలువురు ముఖ్యులుండవలెను, వారును అనిత్యులు కావలెను.

ఇట్లైనచో సజ్జనునకును స్థిరత్వము లేదా యని శంక. అధ్యాయాంత శ్లోకము దీనికి సమాధానము. ధనమును భక్షింపక న్యాయముగా వృద్ధి చేసినవారిని నిత్యాధికారులను చేయవలెనని అందు విధి. అనిత్యత్వము ఉత్సర్గము, నిత్యాధికారము అపవాదము. కావున విరోధము లేదు.

నీట తిరుగు చేప నీరు త్రాగుట తెలియరానట్లు అధికారి అపహరణము తెలియరాదను ఉపమానమొక్కటియే నేడు ప్రసిద్ధము. దానిని మాత్రము బోధించి అంత్యశ్లోకమును విడిచినచో శాస్త్రము అనుమానమునే నేర్పినట్లగును. పరీక్షించుటయు, పరీక్షలో నెగ్గినవానిని నమ్ముటయు రెండును చేరినదే కౌటిల్యుని సిద్ధాంతము.