ఇసుక పలక నుండి టాబ్లెట్ దాకా



"మా ఊరి బడికి కంప్యూటర్లు వచ్చాయి, ఇక పిల్లల చదువుకు ఢోకా లేదు" అనే మాట పల్లెల్లో తరచుగా వింటున్నాం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 8వ తరగతి పిల్లల చేతికి టాబ్లెట్లు వచ్చాయి. ఎన్నో బడుల్లో నల్లబల్ల ఉన్న చోట పెద్ద తెర వెలిసింది. సంతోషమే. కాని ఒక్క ప్రశ్న అడగక తప్పదు. ఆ తెర ముందు కూర్చున్న మన బిడ్డకు పుస్తకంలోని ఒక పేరా తడుముకోకుండా చదవడం వచ్చా?

ప్రథమ్ సంస్థ దేశంలోని గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును పరీక్షిస్తుంది. ఆ 'అసర్' నివేదిక ప్రకారం 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో నూటికి 50.5 మంది. కరోనా కాలంలో బడులు మూతబడ్డాయి. 2022 నాటికి ఆ సంఖ్య 42.8కి పడిపోయింది. అంటే సగానికి పైగా పిల్లలు చదవడం రాకుండానే పై తరగతికి వెళ్తున్నారన్నమాట. ఈ బిడ్డలను ఆదుకొనే విధానం ఏదో తెలుసుకోవడం మనకెంతైనా అవసరం.

ఇసుకలో దిద్దిన అక్షరాలు

కొత్త బోధనా పద్ధతి అనగానే అది విదేశాల నుండే రావాలనుకుంటాం. ఒకసారి మన దగ్గర నుండే అటు వెళ్ళింది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశపు పాదిరిగారు 1789లో మద్రాసులో సైనికుల పిల్లల అనాథాశ్రమానికి అధికారి అయ్యారు. ఒక వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ ఉండడం ఆయన కంటబడింది. తమ ఆశ్రమంలో కూడా అలాగే నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయులు ఇష్టపడలేదు. అప్పుడాయన ఎనిమిదేళ్ళ కుర్రవాడొకణ్ణి పిలిచి చిన్న పిల్లలకు నేర్పే పని అప్పగించారు. కుర్రవాడు ఆ పని చక్కగా చేశాడు. 1797లో బెల్ గారు లండనులో దీనిపై పుస్తకం ప్రచురించారు. 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో అది ఇంగ్లండులోని చర్చి పాఠశాలల్లో వ్యాపించింది. అయితే అక్కడ వందలాది పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి వల్లె వేయించే పనిగా మారిపోయింది. ఒక్కొక్క బిడ్డను చూసుకోవడం తగ్గేసరికి దానికున్న మంచి పేరు కూడా తగ్గింది.

మదనపల్లె దగ్గర ఎక్కిన నిచ్చెన

ఒకే ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు. ఇది మన పల్లెలకు కొత్త కాదు. మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావుగారు, రమగారు దంపతులు 1980ల చివర ఈ చిక్కుకు ఒక దారి కనిపెట్టారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. గోడ మీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. ఏ కార్డు తరువాత ఏ కార్డు తీయాలో బిడ్డ ఆ పటం చూసి తానే తెలుసుకుంటాడు. కొందరు ఉపాధ్యాయుని దగ్గర, కొందరు తోటి పిల్లల సాయంతో, కొందరు తమంతట తామే పని చేసుకుంటారు.

ఇందులో పల్లె పిల్లలకు పెద్ద మేలు ఒకటుంది. వేరుశెనగ పీకే రోజుల్లో వారం పాటు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు పోయి ఉండదు. ఏ మెట్టు దగ్గర ఆగాడో ఆ మెట్టు నుండే ఎక్కుతాడు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోట ఉపాధ్యాయులు ఇది చూసి వెళ్ళి 'నలి-కలి' అనే పేరుతో కన్నడంలో మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ పాఠశాలలు, ఆ తరువాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఇదే బాట పట్టాయి. దీనికి కరెంటు అక్కరలేదు.

పెట్టెల్లో మిగిలిన కంప్యూటర్లు

అలాగని యంత్రాలు దండగ అని మేము అనడం లేదు. గుజరాత్‌లోని వడోదరలో 2000లో ప్రభుత్వం నూరు పురపాలక పాఠశాలలకు నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. నడిపేవారు లేక చాలావరకు పెట్టెల్లోనే ఉండిపోయాయి. తరువాత ప్రథమ్ సంస్థ స్థానిక యువతీయువకులకు ఐదు రోజుల శిక్షణ ఇచ్చింది. 4వ తరగతి పిల్లలను ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టి వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. బిడ్డ చేయగలిగిన కొద్దీ లెక్కలు కష్టమయ్యేవి. లెక్కల్లో పిల్లలు బాగా మెరుగయ్యారని 2007లో పరిశోధకులు ప్రకటించారు. వారిలో 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. అయితే కార్యక్రమం ముగిసిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయిందని కూడా వారే చెప్పారు.

పెరూ దేశంలో మరోలా జరిగింది. అక్కడ లక్షలాది పిల్లలకు లాప్‌టాప్‌లు పంచారు. 319 గ్రామీణ పాఠశాలల్లో పరీక్షించి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ మెరుగుదల కనబడలేదని 2012లో తేలింది. పనిముట్టు చేతికి వచ్చింది గాని, దానితో ఏ బిడ్డకు ఏది నేర్పాలో చూసే ఏర్పాటు చాలలేదు.

ఇసుక, కార్డు, కంప్యూటరు, ఈ మూడూ చెప్పేది ఒకటే. బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడి నుండి నేర్పితేనే చదువు వస్తుంది. పనిముట్టు ఆ తరువాతి సంగతి.

మనం చేయగలిగినది

ఈ వారమే 2వ తరగతి తెలుగు వాచకం తెచ్చి మీ బిడ్డ చేత ఒక పేరా చదివించండి. ఆగినచోట కోపపడవద్దు, పక్క ఇంటి పిల్లతో పోల్చవద్దు. మాటల దగ్గర ఆగితే మాటలు, గుణింతాల దగ్గర ఆగితే గుణింతాలు రోజూ అరగంట చేయించండి. మీకు చదువు రాకపోయినా పక్కన కూర్చుని బిడ్డ చదివేది వినవచ్చు.

బడికి వెళ్ళినప్పుడు "ఎన్ని కంప్యూటర్లు ఉన్నాయి?" అని అడిగి ఊరుకోవద్దు. "మా వాడికి వారంలో ఎన్నిసార్లు వంతు వస్తుంది? వెనుకబడిన పిల్లలకు వేరుగా ఏమి చెబుతున్నారు?" అని మర్యాదగా అడగండి.

ముంబయి, వడోదర బడుల్లో వెనుకబడిన పిల్లలను పదిహేను ఇరవై మంది చొప్పున విడిగా తీసుకుని, రోజుకు రెండు గంటలు చదివించింది బి.ఇడి. చేసినవారు కాదు. హైస్కూలు చదువు పూర్తి చేసిన ఆ వాడల ఆడపిల్లలే. మన సంఘాల్లో ఇంటరు పాసై ఇంటి దగ్గర ఉన్న అక్కలు, అన్నలు లేరా? వారమంతా ఖాళీగా ఉండే సండే స్కూలు గది సాయంత్రాలు తెరిస్తే చాలు. ఏ మతం పిల్లలైనా సరే, చదవడం రాని పిల్లలందరినీ అక్కడికి పిలవండి.

వచ్చే జూన్‌లో బడి తెరిచేనాటికి మన ఊళ్ళో 5వ తరగతికి వెళ్ళే ప్రతి బిడ్డ తన పుస్తకం తానే చదువుకొనేలా చేయడం మన చేతుల్లోని పనే.